ఇంజెక్షన్ తీసేసిన కారు

మెహరాజ్ కారు ఆ వేసవిలో మొదటిసారి శిరివెళ్ల దాటాక ఆగింది. రెండోసారి ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో ఆగింది. మూడోసారి ఎక్కడ ఆగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ సలహాలు వినాలి. అప్పటికే విన్నవి గొంతు దాకా ఉన్నాయి.

ఆమెది నంద్యాల సంజీవనగర్. నలభై మూడేళ్ల మనిషి. ఆడవాళ్లకు కారు నేర్పడం ఆమె పని. మంగళ, గురు, శనివారాలు ఆళ్లగడ్డలో, మిగిలిన రోజులు నంద్యాలలో నేర్పుతుంది. పదకొండేళ్లుగా ఒకటే కారు. 2003లో తయారైన తెల్లటి చిన్న బండి. బానెట్ మీద రంగు వెలిసిపోయి సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. ఎడమ సీటు ముందు ఆమె కాలికి అందేలా రెండో బ్రేకు పెడలు బిగించారు. ఆ బండిలో నేర్చుకున్నవాళ్లలో టీచర్లున్నారు, నర్సులున్నారు, రెండు వీధుల అవతలి బడికి కూతుర్ని తానే దింపి వచ్చే దర్జీ ఆమె ఉంది.

ఆ కారంటే మెహరాజ్‌కు ఇష్టం ఉండడానికి కారణం దాని ఇంజెక్షన్. ఇంకా పాతకాలపు కార్లలో పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపేది కార్బొరేటర్. ఈమె కారులో ఆ పని ఇంజెక్షన్ చేస్తుంది. డ్యాష్‌బోర్డు కింద దాగి ఉన్న చిన్న కంప్యూటర్ డబ్బా ఇంజను వేడిని, గాలిని చూసుకొని ఎంత పెట్రోలు చిమ్మాలో చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు క్లచ్ గబుక్కున వదిలినా ఇంజను వెంటనే ప్రాణం విడవదు. ఒక్క క్షణం వణికి నిలదొక్కుకుంటుంది. "ఈ బండికి నాకంటే ఓర్పెక్కువ" అని మెహరాజ్ మొదటిరోజే అందరికీ చెప్పేది.

అలాంటి బండి ఏప్రిల్ నెలలో మొండికేసింది. నంద్యాలలో బయలుదేరి ముప్పై కిలోమీటర్లు బాగానే వస్తుంది. ఎండ ముదిరాక, ఏ దగ్గూ తుమ్మూ లేకుండా, ఎవరో నోరు నొక్కినట్టు ఇంజను చప్పుడు ఆగిపోతుంది. ఉన్న వేగంతోనే రోడ్డు పక్కకు చేర్చాలి. ఐదు నిమిషాలో అరగంటో కూర్చోవాలి. తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే అసలు ఆగనే ఆగదు. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయే పిల్లల్లాగా అక్కడ మాత్రం బుద్ధిగా తిరుగుతుంది.

ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఆగితే ఎండలో నిలబడడమే కష్టం. నేర్చుకునేవాళ్లు నడుపుతున్నప్పుడు ఆగితే అసలు చిక్కు. ఎవరికి వాళ్లు తామే తప్పు చేశామనుకుంటారు. ఆళ్లగడ్డలో మీసేవ సెంటర్ నడిపే నాగజ్యోతి చేతిలో ఒకే వారంలో రెండుసార్లు ఆగింది. మెహరాజ్ ఎంత చెప్పినా ఆ అమ్మాయి తల ఊపిందే కానీ నమ్మలేదు. మూడోరోజు పని ఉందని ఫోన్ చేసింది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది.

నూనెపల్లెలో ఖాజా పీర్ షెడ్డు ఉంది. అరవై దాటిన మనిషి, మెహరాజ్ వాళ్ల నాన్నకు స్నేహితుడు. ఆమె ఆయన్ని చాచా అని పిలుస్తుంది. కారు కొన్నప్పటి నుంచి ఆయనే చూస్తున్నాడు. మొదట పెట్రోలు ఫిల్టర్ మార్చాడు. ఆగింది. ప్లగ్గులు మార్చాడు. ఆగింది. ట్యాంకు దించి పెట్రోలు పంపు మార్చాడు. నాలుగు రోజులు నడిచి మళ్లీ ఆగింది. కర్నూలు నుంచి ఒకతన్ని స్కానర్‌తో రప్పించాడు. అతను కంప్యూటర్ డబ్బాకు వైరు తగిలించి, ఫోను తెరలాంటి దాన్ని అరగంట చూసి, బండిలో ఏ తప్పూ లేదని చెప్పి వెళ్లిపోయాడు.

ఏ తప్పూ లేదన్న మాట వినగానే మెహరాజ్‌కు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఫలానాది పాడైందని చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది.

ఖాజా పీర్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తన మనసులో మాట ఆరోజే బయటపెట్టాడు.

"చూడమ్మా, ఈ ఇంజెక్షన్‌కు నోరు లేదు. యాడ నొప్పో చెప్పదు. కార్బొరేటర్ అట్ల కాదు. విప్పుతాం, ఊదుతాం, పెడతాం. నీ బండికి ముందొచ్చిన మోడల్లో ఇదే ఇంజనుకు కార్బొరేటరే ఉండె. ఆ సామాను పాత ఇనుము గుజిరీలో దొరుకుతాది. ఇదంతా పెరికేసి అది పెడతా. నీకు ఈ పీడ ఉండదు."

మెహరాజ్ ఆలోచించి చెబుతానంది. ఇంటికి పోతే భర్త అన్వర్‌ది కూడా అదే మాట. అన్వర్‌కు పరుపుల కొట్టుంది. కార్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. ఖాజా పీర్ నలభై ఏళ్ల అనుభవం మీద ఆయనకు నమ్మకం. పెద్దాయన చెప్పాక ఇంకా తటపటాయించడం దేనికన్నాడు. వెయ్యి కార్లు చూసిన చెయ్యి అన్నాడు. మరిది ఫోన్ చేసి అదే అన్నాడు. పక్కింటి రిటైర్డ్ మేస్త్రి ప్రహరీ మీదుగా అదే అన్నాడు. ఆ కారులో రోజుకు ఆరు గంటలు కూర్చునే మనిషి ఏమనుకుంటోందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె ఏమనుకుంటోందంటే, కార్బొరేటర్ బండి నేర్చుకునేవాళ్లకు పనికిరాదు. తాను పెళ్లికి ముందు మేనమామ కారులో నేర్చుకున్నది అలాంటి బండిలోనే. పొద్దున చల్లటి ఇంజను అందుకోవడానికి చోక్ పిడి లాగాలి, ఇంజను వేడెక్కేదాకా కాలితో బుజ్జగించాలి, క్లచ్ వదలడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆగిపోతుంది. అప్పుడు మేనమామ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. తన దగ్గరికి వచ్చేవాళ్లు అసలే భయపడుతూ వస్తారు.

ఇంకో మాట చెప్పినవాడు ఒక్క యెషయానే. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల వరసలో, చివరన అతని ఆటో ఎలక్ట్రికల్ పని జరిగే రేకుల కొట్టు. ముప్పై ఐదేళ్లుంటాయి. మాట్లాడేది తక్కువ. కారు కూడలిలో ఆగినప్పుడు తోయడానికి వచ్చి అలా పరిచయమయ్యాడు. కార్బొరేటర్ సంగతి చెబితే అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఇంజెక్షన్‌ది తప్పని ఎవురు తేల్చినారక్కా? రోగం యాడుందో తెలీకుండా కోత పెట్టేదేంది? బండి నా ముందర ఆగల్ల. అప్పుడు దొరుకుతాది. మూడు దినాలు నా కాడ పెట్టిపో."

మూడు రోజులు. మెహరాజ్ దగ్గర అప్పుడు తొమ్మిది మంది నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఇద్దరికి ఆ వారంలోనే లైసెన్సు పరీక్ష. అదీకాక మూడు రోజుల్లో ఆగుతుందన్న నమ్మకమేముంది? షెడ్డులో పెడితే ఆగనే ఆగని బండాయె. తర్వాత చూద్దాంలే అని వచ్చేసింది. ఆ తర్వాత ఆ మాటను తలుచుకొని ఎన్నిసార్లు తన్ను తాను తిట్టుకుందో లెక్కలేదు.

సరస్వతమ్మ విషయం జరిగింది ఆ మరుసటి గురువారం.

సరస్వతమ్మకు యాభై నాలుగేళ్లు. ఆళ్లగడ్డ పొలిమేరలో ఇల్లు. కాలువ కింద వరి, మెట్టన శనగ వేసే కుటుంబం. భర్త నరసింహులుకు పోయిన ఏడాది పక్షవాతం తగిలి కుడి కాలు, కుడి చెయ్యి సగమే స్వాధీనంలో ఉన్నాయి. ఇంట్లో కారుంది. నడిపేవాళ్లు లేక కొట్టంలో పట్ట కప్పుకొని ఉంది. నెలకోసారి నంద్యాల ఆసుపత్రికి పోవాలంటే మరిది కొడుకును బతిమాలాలి. వాడు వస్తానన్న రోజు రాడు, వచ్చిన రోజు తొందరపెడతాడు. ఒకసారి డాక్టరు ఇంకా చూస్తుండగానే హారన్ కొట్టాడట. ఆ రోజు ఇంటికొచ్చి సరస్వతమ్మ మెహరాజ్ ఫోను నంబరు వెతికించుకుంది.

ఆమె నేర్చుకునే తీరు మెహరాజ్‌కు నచ్చేది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. పన్నెండు రోజులు జూనియర్ కాలేజీ మైదానంలో, ఊరి సందుల్లో తిప్పాక, ఆ గురువారం మొదటిసారి చాగలమర్రి వైపు హైవే ఎక్కించింది. పది కిలోమీటర్లు చక్కగా పోయారు. సరస్వతమ్మ నాలుగో గేరు వేసి, ముఖం మీద చెమట కూడా తుడుచుకోకుండా, ముందుకే చూస్తోంది. అప్పుడు చప్పుడు ఆగిపోయింది.

వెనక సిమెంటు లారీ ఉంది. హారన్ మోత. సరస్వతమ్మ స్టీరింగును రెండు చేతులతో పట్టుకొని కొయ్యబారిపోయింది. మెహరాజ్ పక్కనుంచి చెయ్యి వేసి స్టీరింగును ఎడమకు లాగింది. కారు మట్టిలోకి దిగాక బ్రేకు తొక్కింది. లారీ వాళ్లను రాసుకుంటూ పోయినంత దగ్గరగా పోయింది. క్లీనర్ తల బయటపెట్టి ముసలామెను ఇంట్లో కూర్చోమని అరిచాడు.

సరస్వతమ్మ తలుపు తీసుకొని దిగి, తుమ్మచెట్టు నీడన నిలబడింది. మెహరాజ్ నీళ్ల సీసా అందించి, తప్పు బండిదేనని, ఇది నెలరోజులుగా ఉన్న జబ్బేనని చెప్పింది.

"నువ్వు మంచిదానివి మ్మా, అట్లే చెప్తావ్," అంది సరస్వతమ్మ. "నేనే ఏదో తొక్కింటా. ఈ వయసులో నాకెందుకు ఈ యవ్వారం."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఇంటి ముందు దిగి, రేపటి నుంచి రావద్దని చెప్పి, గేటు వేసుకుంది. లోపల నరసింహులు మంచం మీదనుంచి ఎట్ల పోయిందని అడగడం మెహరాజ్‌కు వినిపించింది.

నంద్యాల పోయేదాకా ఆమె ఆగలేదు. ఆ గేటు ముందే కూర్చొని ఖాజా పీర్‌కు ఫోన్ చేసింది. ఇంజెక్షన్ తీసేయమంది. ఒక్క షరతు పెట్టింది: తీసిన సామాను ఒక్కటి కూడా పోకుండా సంచిలో వేసి తనకివ్వాలి. సరేనన్నాడాయన.

నాలుగు రోజులు పట్టింది. ఇంజను పైన సన్నటి పైపులు, వైర్లు ఉన్న చోట ఇప్పుడు నల్లటి కార్బొరేటర్ కూర్చుంది. డ్యాష్‌బోర్డు కింద చోక్ లాగే పిడి వచ్చింది. ఖాజా పీర్ స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విని, తృప్తిగా నవ్వాడు. సామాను ఉన్న గోనెసంచి డిక్కీలో పెట్టించాడు. మెహరాజ్ దాన్ని విప్పి చూడలేదు. ఇంటికి తెచ్చి మెట్ల కింద పడేసింది.

కార్బొరేటర్ వచ్చాక పొద్దున ఆరింటికి చోక్ లాగి, వీధంతా పెట్రోలు వాసన నింపి, పావుగంట కాలు తియ్యకుండా తొక్కితే కానీ బండి దారికి రాదు. అదివరకు పదిహేను రోజుల్లో ఊళ్లో తిరగగలిగినవాళ్లు ఇప్పుడు మైదానం దాటడం లేదు. క్లచ్ ఇంత వదిలితే ఆగుతుంది, అంత వదిలితే గెంతుతుంది. ప్రతిదానికీ వాళ్లు మెహరాజ్ ముఖం చూస్తారు. ఆమె ఓపికగా మళ్లీ తాళం తిప్పమంటుంది. సాయంత్రానికి ఆమె దవడలు నొప్పి పుట్టేవి. పళ్లు బిగబట్టుకొని కూర్చుంటున్నానని అప్పుడు కానీ తెలిసేది కాదు.

అయినా ఒక ఊరట ఉంది. రెండు వారాలు బండి దారిలో ఆగలేదు. అన్వర్ చూశావా అన్నాడు. మేస్త్రి ప్రహరీ మీదుగా చూశావా అన్నాడు. ఆ రెండు వారాల్లోనే వానలు పడి ఎండ తగ్గిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

ఆ ధైర్యంతోనే సరస్వతమ్మ ఇంటికి పోయింది. బండిని మార్పించానని, ఒక్కరోజు వచ్చి చూడమని అడిగింది. సరస్వతమ్మ ఒప్పుకోలేదు. నరసింహులే ఊతకర్ర మీద గుమ్మం దాకా వచ్చి, సగం తిరగని నాలుకతో, నేర్చుకోవడానికి పొమ్మన్నాడు. భార్యను అలా ఒకటికి రెండుసార్లు పొమ్మనడానికి ఆయనకు ఎంత శ్రమయిందో చూసి, ఆమె చెప్పులు వేసుకుంది.

మైదానంలో మొదటి గంటలోనే సరస్వతమ్మ చేతిలో బండి ఏడుసార్లు ఆగింది. ఏడుసార్లూ క్లచ్ తప్పే. మెహరాజ్ దిగులుపడింది కానీ, సరస్వతమ్మ ఈసారి భయపడలేదు. ఆగిన ప్రతిసారీ స్టీరింగు వెనక వెలిగే రెండు ఎర్ర దీపాలను, బ్యాటరీ గుర్తును, నూనె గుర్తును చూసి, మళ్లీ వచ్చినారా అన్నట్టు తల ఊపి, తాళం తిప్పేది. పదోరోజుకు బండి ఆమె చెప్పినట్టు వినసాగింది. ఆ శనివారం మళ్లీ చాగలమర్రి దారి పట్టారు. వానలు వెనక్కి పోయి ఎండ మళ్లీ కాస్తోంది.

ఇరవై నిమిషాలు గడిచాయి. నోరు నొక్కినట్టు చప్పుడు ఆగిపోయింది.

ఈసారి వెనక ఎవరూ లేరు. సరస్వతమ్మ తానే ఎడమకు తిప్పుకొని, మట్టిలో దింపి, బ్రేకు తొక్కింది. మెహరాజ్ ఏమీ చెయ్యలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయింది. రెండు నెలలు. ఫిల్టరు, ప్లగ్గులు, పంపు, చివరికి ఇంజెక్షన్ మొత్తం. అన్నీ తీసి పారేసినా ఇంకా అదే జబ్బు. తలను డ్యాష్‌బోర్డుకేసి కొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

సరస్వతమ్మ మాత్రం స్టీరింగు వెనక్కే చూస్తోంది.

"మ్మా, ఇది నేను ఆపింది కాదు."

"కాదక్కా. నాకు తెలుసు."

"నీకెట్ల తెలుసో గానీ నాకిప్పుడు తెలిసింది. నేను ఆపితే ఎర్ర దీపాలు రెండూ వెలుగుతాయి గదా. ఈడ ఒక్కటీ ల్యా. చూడు. అంతా చీకటి."

మెహరాజ్ వంగి చూసింది. నిజమే. తాళం తిప్పినట్టే ఉంది, ఇంజను చప్పుడు లేదు, ఒక్క దీపం కూడా లేదు. పదకొండేళ్లుగా ఆమె చూపు రోడ్డు మీద, నేర్చుకునేవాళ్ల కాళ్ల మీద. ఎడమ సీటు నుంచి ఆ దీపాలు సరిగా కనబడవు. తాను నడుపుతున్నప్పుడు ఆగితే, ఆలోచన కంటే ముందు చెయ్యి తాళం మీదికి పోయి ఆపి తిప్పేసేది. ఆగిన ఆ క్షణంలో దీపాలు ఉన్నాయా లేవా అని ఒక్కసారి కూడా చూసి ఎరగదు. ఖాజా పీర్ అడగలేదు. స్కానర్ అతను అడగలేదు. ఏడుసార్లు బండి ఆపుకొన్న సరస్వతమ్మకు ఆ దీపాలు బంధువులయ్యాయి, అందుకే అవి రాలేదని తెలిసింది.

తాళాన్ని ముట్టుకోవద్దని చెప్పి, మెహరాజ్ యెషయాకు ఫోన్ చేసింది. దీపాల మాట విన్నాక అతను, వస్తాండా, అట్లే ఉండండి అన్నాడు.

మోటార్ సైకిల్ మీద ఇరవై నిమిషాల్లో వచ్చాడు. వచ్చీ రాగానే తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, స్టీరింగు కింద చెయ్యి దూర్చి, తాళం వెనక ఉన్న వైర్ల కట్టను వేళ్లతో కదిలించాడు. దీపాలు రెండూ వెలిగాయి. వదిలాడు. ఆరిపోయాయి. స్టార్ట్ చేయించి, ఇంజను తిరుగుతుండగా మళ్లీ కదిలించాడు. ఆగిపోయింది. మూడుసార్లు అలా చేసి చూపించాడు.

తాళం వెనక అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద స్విచ్చు ఉంటుంది. దాన్ని అక్కడే విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. లోపలి రాగి ముక్క ఇరవై రెండేళ్లు అరిగి, అంచున మాడి నల్లబడింది. వేడెక్కితే అది అంటుకోదు. అంటుకోకపోతే ఇంజనుకు కరెంటు పోదు. చల్లారాక మళ్లీ అంటుకుంటుంది.

"ఇంజెక్షన్ పెట్టుకో, కార్బొరేటర్ పెట్టుకో," అన్నాడు యెషయా, "కరెంటు ఈ దోవలోనే పోవల్ల గదక్కా."

అప్పటికి అతను వైర్లు నేరుగా కలిపి ఇస్తే ఆళ్లగడ్డ చేరారు. అతని కొట్లో కొత్త స్విచ్చు వేయించుకోవడానికి అరగంట కూడా పట్టలేదు. ఆ అరగంటా మెహరాజ్ పక్క షెడ్డులో ముఖం ఇంకా తేలని నంది విగ్రహం పక్కన బండరాయి మీద కూర్చుంది. తెరిపిన పడాల్సిన మనసు తెరిపిన పడలేదు. అరచేతిలో పట్టే వస్తువు కోసం ఇంజను సగం ఊడబెరికించింది. మూడు రోజులు అతను అడిగితే ఇవ్వలేదు. తిట్టాలంటే ఎవర్ని తిట్టాలి? తీసేయమని ఫోన్ చేసింది తానే. సరస్వతమ్మ పక్కనే నిలబడి, ఇంక ఇంటికి పోదాం పదమంది. తానే నడుపుతానంది.

బండి మళ్లీ ఆగలేదు. దాంతో అందరూ ఇక కథ అయిపోయిందన్నారు. నడుస్తాంది గదా, ఉండనీ అన్నాడు అన్వర్. మెహరాజ్ ఒప్పుకోలేదు. కార్బొరేటర్ వల్ల తన దగ్గరికొచ్చేవాళ్లు రోజూ పడుతున్న అవస్థ ఆమెకు తెలుసు. తప్పు చేయని ఇంజెక్షన్‌ను తీయించానన్న ఉక్రోషం కూడా కొంత ఉంది. ఎవరినీ అడగకుండా మెట్ల కింది గోనెసంచి తీసుకొని యెషయా కొట్లో కుమ్మరించింది. అతను ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చి, చివరికి తలెత్తాడు. కంప్యూటర్ డబ్బా లేదు.

ఖాజా పీర్ దాచలేదు. సంజామల అతనెవరో అదే కారుకు డబ్బా దొరక్క రెండేళ్లుగా తిరుగుతుంటే ఇచ్చేశానన్నాడు.

"నువ్వు వద్దన్న సామానే గదమ్మా," అన్నాడు.

"వద్దనలే చాచా. సంచిలో వెయ్యమన్నా."

ఆయన షెడ్డులో ఉన్న వేరే కారు కిందికి దూరాడు.

మెహరాజ్ మర్నాడే బస్సెక్కి సంజామల పోయింది. అతని పేరు కిరణ్. బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు. సంగతి విని నొచ్చుకున్నాడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, కొట్టు వెనకనున్న కారు దగ్గరికి తీసుకుపోయాడు. ఎర్ర కారు, ఇంచుమించు ఆమె కారు వయసే. రెండేళ్లు మూలన పడి ఉన్న బండి, ఈ డబ్బా పెట్టాక ఒక్క దినం కూడా ఆగలేదని, వాళ్లమ్మను బెలుం గుహల దాకా తీసుకుపోయి చూపించుకొచ్చానని చెప్పాడు. స్టార్ట్ చేసి వినిపించాడు. ఇంజను పిల్లిలా గుర్రుమంటోంది. తన కారు రెండు నెలల కిందటి దాకా అలాగే ఉండేది. ఆ డబ్బాలో ఏ లోపమూ లేదనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

కిరణ్ స్క్రూడ్రైవర్ తీసుకొచ్చాడు. మీ వస్తువు మీదే, తీసుకుపొండి అన్నాడు. అని, డ్యాష్‌బోర్డు కిందికి వంగాడు కూడా. నడిచే బండిలోంచి ఊడబెరికే పని మెహరాజ్‌కు చేతకాలేదు. ఉండనీలే నాయనా అని బస్టాండుకు నడిచింది. దారి పొడుగునా తన మంచితనం మీద తనకే చిరాకు వేసింది.

ఆ చిరాకంతా ఖాజా పీర్ మీద తీర్చుకుంది. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసి డబ్బా ఎక్కడని అడిగేది. ఇంకేమీ మాట్లాడేది కాదు. వారానికి ఆయన కర్నూలు గుజిరీలోంచి ఒకటి తెప్పించాడు. దానికి వైర్లు తగిలించే ప్లగ్గు వేరే రకం, పట్టలేదు. మళ్లీ ఫోన్లు. ఇంకో ఐదు రోజులకు ఆయనే స్వయంగా బస్సులో పోయి, గుట్టలు గుట్టలుగా పడి ఉన్న పాత కార్ల మధ్య ఒక పూటంతా వెతికి, సరైనది పట్టుకొచ్చాడు. ఆమె చేతిలో పెట్టేటప్పుడు, తప్పైందని అనలేదు. ఎండ శానా ఉండాది కర్నూల్లో అన్నాడు. చొక్కా వీపు మీద ఉప్పుచారలు కట్టి ఉంది. ఆమె కూడా ఇంక పొడిగించలేదు.

యెషయా రెండు రోజుల్లో అంతా మునుపటిలా అమర్చాడు. చోక్ పిడి ఉన్న చోట ఒక రంధ్రం మాత్రం మిగిలిపోయింది.

జులై నెలాఖరులో సరస్వతమ్మకు లైసెన్సు వచ్చింది. ఆగస్టు మొదటి సోమవారం కొట్టంలో పట్ట తీసి, తమ సొంత కారులో నరసింహులును పక్కన కూర్చోబెట్టుకొని నంద్యాల ఆసుపత్రికి పోయింది. సాయంత్రం మెహరాజ్‌కు ఫోన్ చేసి, లారీని దాటినా మ్మా అంది. డాక్టరు ఏమన్నాడని అడిగితే, అది తర్వాత చెప్తా, ముందు లారీ సంగతి విను అంది.

మెహరాజ్‌కు ఇంకో పని మిగిలింది. ఆ రెండు నెలల్లో తమ తప్పే అనుకొని మానేసినవాళ్లు ముగ్గురు. ఫోన్లో చెబితే నమ్మరని ముగ్గురి ఇళ్లకూ పోయింది. మాడిపోయిన స్విచ్చును కాగితంలో చుట్టి వెంట తీసుకుపోయింది. నంద్యాలలో ఇద్దరు దాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశారు. మళ్లీ వస్తామన్నారు, వచ్చారు.

ఆళ్లగడ్డలో నాగజ్యోతి ఇంటికి పోయేసరికి సాయంత్రం ఏడైంది. నాగజ్యోతి చెప్పిందంతా వింది. స్విచ్చును చూసింది. ఆమె ముఖంలో ఏదో కదిలినట్టే కదిలి ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్తే ఏం లాభమక్కా. ఆ పొద్దు నేను ఇంటికొచ్చి నాకు చేతకాదని చెప్పినా. మా ఆయన అదే పట్టుకున్నాడు. నీకు చేతకాదు, నువ్వే గదా చెప్పింది అంటాడు. ఇంక బండి మాట ఎత్తనీడు."

స్విచ్చు మార్చినట్టు మార్చే సంగతి కాదిది. మెహరాజ్ లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు గంట ప్రయాణం, ఇంట్లో వంట చేసుకోవాలి. మళ్లీ చెప్పులు విడిచింది.

"మీ ఆయన ఎన్ని గంటలకొస్తాడు?"

"ఎనిమిదైతాది. ఏం?"

"ఏం ల్యా. నాతో కూడా ఆ మాట ఒకసారి అననీ," అని మెహరాజ్ అరుగు మీద కూర్చొని, అన్వర్‌కు ఆలస్యమవుతుందని ఫోన్ చేసింది.